గంటకు రెండు డిగ్రీలు

ఆ ఉదయం నా చేతిలో ఉన్నవి: గాజు తొట్టెలో తొమ్మిది రోజులుగా పస్తులున్న పెద్ద చేప ఒకటి, బావమరిది కాలువలో వల వేసి పట్టుకొచ్చిన చిన్న చేపలు నలభై, థర్మామీటరు ఒకటి.

మా రంగు చేపల కొట్టుకు గిరాకీ తెచ్చేది ఆ పెద్దదే. దాన్ని చూడటానికి వచ్చినవాళ్ళే తక్కినవి కొంటారు. కదిలే చేపను తప్ప ముట్టదు. మేత చేపలు తెచ్చేవాడు రావడం మానేశాడు. ఇప్పుడది పక్కకు ఒరిగి ఈదుతోంది. ఈ రోజు తినకపోతే రేపు ఉండదు.

చిక్కేమిటంటే, కాలువ నీళ్ళు పద్దెనిమిది డిగ్రీలు, తొట్టె నీళ్ళు ఇరవై ఎనిమిది. ఒక్కసారిగా వేస్తే చిన్నవి చస్తాయి. చచ్చినదాని వైపు పెద్దది కన్నెత్తి చూడదు. అసలైతే కాలువ చేపను రెండు వారాలు విడిగా ఉంచి, రోగం లేదని తేల్చుకోవాలి. అంత వ్యవధి లేదు గనక ఆ ముప్పు నెత్తిన వేసుకున్నాను. గంటకు రెండు డిగ్రీలు, మొత్తం అయిదు గంటలు అని లెక్కగట్టి, చిన్న చేపలున్న బకెట్లోంచి ఒక చెంబు నీళ్ళు తీసి, తొట్టె నీళ్ళు ఒక చెంబు పోయసాగాను.

మూడో గంటకు మా ఆవిడ తొట్టె దగ్గర నుంచి కేకేసింది.

"ఏమండీ, పొట్ట పైకి తిప్పేస్తోంది! మీ లెక్క తేలేలోపు దాని లెక్క ముగిసేట్టుంది."

తొందరపడ్డాను. ఒక చెంబు పోసేచోట ఆరు పోశాను. నిమిషంలో అన్ని నోళ్ళూ నీటి పైకొచ్చి గుటకలు వేశాయి. వెచ్చబడే కొద్దీ నీళ్ళలో గాలి తగ్గుతుంది. ఆ కాస్త గాలికి నలభై ప్రాణాలు. ఆరు తేలిపోయాయి.

"బావా, నీకు ఎన్ని కావాలి?" అన్నాడు బావమరిది.

"నలభై."

"తినేది చేపా, నువ్వా?"

 సరుకు ఒక్కటీ పోకూడదన్న యావలో, ఇవాళ్టికి రెండు మూడు బతికితే చాలన్న సంగతే మరిచాను.

ఎనిమిదింటిని వేరే బేసిన్‌లోకి తీసి, ఉన్న ఒక్క గాలి గొట్టం అందులో పెట్టాను. తక్కినవాటి బకెట్టు నీడలోకి లాగి, గాలి కలిసేలా బావమరిది అందులోని నీళ్ళే చెంబుతో పైనుంచి ధార పోస్తూ కూర్చున్నాడు.

"చెయ్యి లాగేస్తోంది బావా."

"మాట్లాడకు, పొయ్యి."

నేను బేసిన్‌లో అర చెంబు తొట్టె నీళ్ళు పోయడం, పది నిమిషాలు ఆగడం. థర్మామీటరు ఇరవై ఏడున్నర చూపించగానే, కాలువ నీళ్ళు చుక్క పడకుండా ఎనిమిదింటినీ వలతో తీసి తొట్టెలో వదిలాను.

పెద్దది కదల్లేదు. ఒకటి దాని కంటి ముందు నుంచి పోయింది. ఇంకొకటి పోయింది. మూడోది మూతికి తగిలినంత పని చేసింది.

"తినవే తల్లీ," అంది మా ఆవిడ, అద్దానికి నుదురు ఆనించి.

టప్పున చప్పుడు. మూడోది లేదు.

సాయంత్రానికి తేలిన లెక్క: చచ్చినవి ఆరు, బకెట్లో ఇరవై ఆరు, తొట్టెలో తప్పించుకు తిరుగుతున్నవి అయిదు, పెద్దదాని పొట్టలో మూడు. పెద్దది ఒరగకుండా ఈదుతోంది.