ఎల్దార్ పాడే పాటలు

బోర్సోక్‌ల పిండి ముక్కలు నూనెలో పొంగుతుంటే బురులాయ్ పెదవులు మాత్రమే కదుపుతూ పాటకు వరస కట్టుకుంటోంది. మామగారు ఇంట్లో ఉన్నంతసేపు కోడలి గొంతు వినిపించకూడదు. ఆ కట్టడికి లొంగినందువల్లే, కిర్గిజ్ రాజధాని బిష్కెక్‌లో తమ్ముడు ఎల్దార్‌తో కలిసి పెట్టిన బ్యాండులో ఆమె చోటు ఖాళీ అయింది. "పాటలు మానమన్నదెవరు? మనసులో పాడుకో" అన్నాడు భర్త పెళ్లి కొత్తలో. దాన్ని ఔదార్యమనుకోవడం ఆమె మొదటి పొరపాటు. తమ్ముడు చుట్టపుచూపుగా వచ్చినప్పుడల్లా వంటింట్లో అతని చెవిలో పాట చెప్పి పంపేది. అతను గిటారు మీద దానికి రూపం ఇచ్చేవాడు. ఇవి అక్కాతమ్ముళ్ల పాటలని లోకానికి తెలుసుననుకోవడం రెండో పొరపాటు.

ఆ ఆదివారం ఎల్దార్‌ను వియ్యాలవారి మర్యాదతో మామగారి పక్కన కూర్చోబెట్టారు.

"బజారంతా నీ పాటేనయ్యా!" అన్నారు మామగారు. "తివాచీ కోసం తడి ఉన్ని దొర్లించే ఆడదాని మోచేతుల నొప్పి నీకెలా తెలిసింది? ఇంకా గడ్డమే సరిగ్గా మొలవలేదు!"

"ఏదో అలా వస్తుందండీ. అక్షరమక్షరం నేనే రాసుకుంటాను."

"విన్నావుటే అమ్మాయ్?" అత్తగారు వంటింటి వైపు తిరిగింది. "వాడి బుర్రలో సగమున్నా నీకు బోర్సోక్‌లు మాడేవి కావు!"

చేతులు కడుక్కునే నెపంతో ఎల్దార్ వంటింట్లోకి వచ్చాడు.

"అలా ఎందుకన్నావురా?" అంది బురులాయ్ గుసగుసగా.

"నీ పేరు చెప్తే వీళ్లూరుకుంటారా అక్కా? నీ కాపురం కోసమేగా! సరేగానీ, వచ్చే వారం అల్మాటీలో పాడాలి. కొత్తదేమైనా ఉందా? తొందరగా చెప్పు."

ఉంది. ఇంతవరకూ కట్టినవాటన్నిటికన్నా మంచిది. తన నోటికి ఈ ఇల్లు వేసిన గడియ తమ్ముడికి ఎంత అక్కరకొస్తోందో ఆమెకు అప్పుడు తెలిసింది.

"నువ్వెళ్లి కూర్చో. టీ తెస్తున్నాను."

అతిథికి గిన్నె అడుగున కాస్తే టీ పోసి, మళ్లీ మళ్లీ పోయడం ఆదరణ. నిండా పోస్తే ఇక లేచి వెళ్లమని. అది పసిపిల్లలకూ తెలుసు. తన పాటలు ఈ గడప దాటడానికి ఈ తమ్ముడు తప్ప వేరే దారి లేదని బురులాయ్‌కూ తెలుసు. గిన్నె అంచు దాకా పోసి, రెండు చేతులతో, తల వంచి అతనికి అందించింది.

ఎల్దార్ ముఖం పాలిపోయింది. నములుతున్న అత్తగారి నోరు ఆగిపోయింది.

"చెయ్యి జారిందా అమ్మాయ్?" అన్నారు మామగారు, తప్పించుకునే వీలు ఆమె చేతికే ఇస్తూ.

"లేదు మామగారూ," అంది బురులాయ్, వీధిలోకి వినిపించేంత గట్టిగా.