పై బల్ల మీది డబ్బా

తైస్తో తన డబ్బాను ఆవిరిగదిలో పై బల్ల మీద పెట్టుకున్నాడు. అందులో వింతేమీ లేదు. ఆ అపార్ట్‌మెంటులో ఇంటింటికీ ఆవిరిస్నానానికి ఒక గది ఉంది, వాటిలో సగం సామాన్ల కొట్లే. ఒకరి గదిలో స్కీ కర్రలు, ఇంకొకరి గదిలో జామ్ సీసాలు. తలుపు మూస్తే డబ్బాలోని ఫ్యాను రొద బయటికి రాదు, అతనికి కావలసింది అదే.

భార్య ఇర్యా గుండె వేడిని తట్టుకోలేదని మూడేళ్ళ కిందట డాక్టరు చెప్పిన రోజే, ఆవిరి కోసం రాళ్ళు కాచే కరెంటు పొయ్యి తాలూకు మూడు పింగాణీ ఫ్యూజుల్నీ ఊడదీసి వంటింటి సొరుగులో రబ్బరు బ్యాండ్ల పక్కన పడేశాడు. సామాను నింపిన ఆవిరిగదిలో మరిచిపోయి పొయ్యి వెలిగించి కొంప అంటించుకున్న మహానుభావులు ఊరికొకరు ఉంటారు. కాగితం మిల్లులో ముప్ఫై నాలుగేళ్ళు కరెంటు పని చేసిన తాను ఆ జాబితాలో చేరనని తైస్తో ధీమా.

ఇర్యా ఫిబ్రవరిలో పోయింది. ఆ తర్వాతే ఈ డబ్బా వచ్చింది. లోపల రెండు కంప్యూటరు డిస్కులు. ఒకదానిలో ఏది పడితే రెండోదానిలోనూ అదే పడుతుంది. నలభై ఒక్క ఏళ్ళ ఫోటోలు, కూతురు సైయా బడి నాటకాలు, పాత క్యాసెట్లలోంచి తీసిన ఇర్యా పాటలు, తిట్లు, నవ్వులు అన్నీ అందులోకి ఎక్కించాడు. ఏ గదిలో కూర్చున్నా టీవీలోనో ఫోనులోనో వినొచ్చు. పని అయిపోయిందన్న ఉత్సాహంలో క్యాసెట్లను చెత్తలో వేశాడు. ఇక ఇర్యా గొంతు ఈ లోకంలో ఆ డబ్బాలో తప్ప ఎక్కడా లేదు.

“రెండూ ఒకే డబ్బాలో పెట్టి భద్రం అంటావేంటి నాన్నా?” అంది సైయా. “డబ్బా పోతే రెండూ పోతాయిగా. ఇంకో కాపీ తీసి మా ఇంట్లో పెడతాను.”

“మీ అమ్మ ఎక్కడికీ రాదు.”

“అమ్మని కాదు, డిస్కుని అడిగాను.”

“నీకు తెలీదులే.”

ఆమె చెప్పింది నిజమని అతనికీ తెలుసు. కానీ ఆ గుమ్మంలోంచి ఇర్యాను ఒకసారి పంపించాడు. రెండోసారి చేతకాలేదు.

అక్టోబరు మొదటి శనివారం సాయంత్రం సరిగ్గా ఆరింటికి ఫోను మోగింది. డబ్బా పంపిన హెచ్చరిక. డిస్కుల వేడి నలభై నాలుగు డిగ్రీలు. మామూలుగా ముప్ఫై దాటదు. వెళ్ళి తలుపు తీశాడు. పొయ్యి రాళ్ళు చల్లగా ఉన్నాయి. బల్ల చెక్క మీద చెయ్యి పెడితే మాత్రం గోరువెచ్చగా తగిలింది. ఫ్యానుకు దుమ్ము పట్టిందేమోనని దులిపి వచ్చాడు.

తర్వాతి శనివారం ఆరింటికి నలభై తొమ్మిది. ఆ పై శనివారం యాభై మూడు. ఈసారి తలుపు తీయగానే తడిసిన బిర్చ్ ఆకుల వాసన వచ్చింది. ఆవిరిస్నానంలో ఒళ్ళు తట్టుకునే ఆ కొమ్మ ఇంట్లోకి వచ్చి మూడేళ్ళయింది.

తైస్తో వెళ్ళి సొరుగు లాగాడు. మూడు ఫ్యూజులూ అక్కడే ఉన్నాయి, దుమ్ము కొట్టుకుని. అప్పుడు అతనికి భయం వేసింది.

శనివారం ఆరు ఇర్యా వంతు. ముందు తైస్తో స్నానం చేసి వచ్చేవాడు, తర్వాత ఆమె వెళ్ళేది. బయటికి వచ్చేముందు రాళ్ళ మీద మూడు గరిటెల నీళ్ళు పోసి తలుపు వేసేది. ఇక ఆ రోజుకి లోపలికి ఎవరూ వెళ్ళకూడదు. “ఆ మూడూ మనకి కాదు, ముందు పోయినవాళ్ళకి,” అనేది. తువ్వాలు చుట్టుకుంటూనే “కాఫీ పెట్టావా లేదా?” అని కేకేసేది. వాళ్ళమ్మ పద్ధతి అది. తైస్తో వెక్కిరించేవాడు.

అరవై దాటితే డిస్కులు బతకవు. డబ్బాను హాల్లోకి మార్చడం పది నిమిషాల పని. అయినా మార్చలేదు. మారిస్తే శనివారం ఆ కబురు రాదేమో. నిజం చెప్పాలంటే వారమంతా అతను ఆ ఆరు గంటల కోసమే ఎదురుచూస్తున్నాడు. ఆమె గొంతు దక్కాలంటే ఆమె రాక ఆపాలి, ఆమె రావాలంటే గొంతు పోతుంది. మధ్యలో పడి నలిగి, శుక్రవారం కూతురికి ఫోను చేశాడు.

“కాపీకి డిస్కు పట్టుకుని రేపు రా అమ్మా.”

సైయా వచ్చి కాపీ మొదలుపెట్టేసరికి పదిన్నర. అయిదింటికల్లా అయిపోవాలి. అయిదున్నరకు కూడా డెబ్భై ఎనిమిది శాతం దగ్గరే ఉంది. ఇర్యా గొంతు చిట్టచివరి ఫోల్డరులో ఉంది.

ఆరయింది. ఫోను మోగింది. యాభై అయిదు.

“ఇదేంటి నాన్నా, మంచు పడే రోజుల్లో ఈ వేడి?” సైయా లేచి ఆవిరిగది తలుపు తీసి వెనక్కి తగ్గింది. వెచ్చటి గాలి ఆమె ముఖానికి కొట్టింది. యాభై ఎనిమిది. ఆమె డబ్బా ప్లగ్గు పీకడానికి చెయ్యి చాచింది. తైస్తో ఆ చెయ్యి పట్టుకున్నాడు.

“ఆగు. నన్ను మాట్లాడనీ.”

“ఎవరితో?”

అతను గడప మీద నిలబడి, ఎదురుగా మనిషి ఉన్నట్టే మాట్లాడాడు. “ఇర్యా, ఒక్క గంట ఓపిక పట్టు. మీ అక్కతో ఫోనులో అయిదు నిమిషాలని గంటన్నర మాట్లాడేదానివి, నేనేమైనా అన్నానా? ఈ సామాను పెట్టింది నేనే. నీ గది నేనే మూశాను. నీ ప్రాణం నిలబడుతుందనుకున్నాను. ఈ ఒక్క గంట ఇవ్వు, తీసేస్తాను.”

యాభై తొమ్మిది. సైయా ఏడుస్తోంది. తైస్తో గడప మీంచి కదల్లేదు. అంకె చాలాసేపు అక్కడే ఉండి, యాభై ఎనిమిదికి దిగింది. ఆ తర్వాత యాభై.

ఏడూ పదికి కాపీ పూర్తయింది. సైయా డిస్కును ఉన్ని మేజోడులో దూర్చి కోటు లోపలి జేబులో పెట్టుకుంది. గుమ్మం దగ్గర తైస్తో ఆ జేబు మీద ఒకసారి చెయ్యి వేశాడు. “పోనివ్వు నాన్నా,” అంది మెల్లగా. వదిలాడు.

ఆమె వెళ్ళాక డబ్బా హాల్లోకి వచ్చింది, దాని వెనకే స్కీ కర్రలు, ఇస్త్రీ బల్ల, అట్టపెట్టెలు. ఫ్యూజులు తుడిచి బిగించాడు. పొయ్యి వెలిగించి గంట ఆగి లోపలికి వెళ్ళి కింది బల్ల మీద కూర్చున్నాడు. పై బల్ల ఆమెది. ఒళ్ళంతా చెమట పట్టాక బకెట్టు నింపి, గరిటె అందులోనే వేసి, బయటికి వచ్చి తలుపు మూశాడు.

తువ్వాలు అందుకుంటుండగా లోపల రాళ్ళు బుస్సుమన్నాయి. కాసేపాగి మళ్ళీ. అతని చెయ్యి అలవాటుగా ఫోను తీసింది, వేలు రికార్డు బొత్తాం మీదికి వెళ్ళింది. ఫోను బోర్లించి పెట్టేశాడు. మూడోసారి బుస్సుమన్నాయి.

అతనికి భయంగానూ ఉంది, ఆనందంగానూ ఉంది. ఇక పిలుపు వచ్చేదాకా ఆగలేదు. వంటింట్లోకి వెళ్ళి ఇద్దరికి సరిపడా కాఫీ పెట్టాడు.