చెడ్డ దొంగ ముఖం

ఇది మా ముత్తాతల ముత్తాతల నాటి సంగతి. సముద్రపు గాలికి చర్చి పక్క సమాధుల మధ్యనున్న పాత కొయ్య సిలువ విరిగిపడింది. ఈసారి చుట్టూ బొమ్మలతో సహా రాతితోనే చేయించాలని ఊరంతా తీర్మానించి, శిల్పి కోనన్‌ని పిలిపించారు. విధవరాలు అజెనోర్ ఇంట్లో అతనికి బస.

కోనన్ తన బొమ్మలకు కళ్లెదుట తిరిగే మనుషుల ముఖాలే పెడతాడు. మరియమ్మకు నేతగాడి కూతురి ముఖం పెట్టాడు. ప్రభువుతోపాటు సిలువ వేసిన ఇద్దరు దొంగల్లో, కుడివైపు వేలాడుతూ పశ్చాత్తాపపడి స్వర్గానికి పోయిన మంచి దొంగకు పిండిమర రివాల్ ముఖం వచ్చింది. రివాల్ ఆ వారమంతా ఛాతీ విరుచుకుని తిరిగాడు. ఇక ఎడమవైపు చెడ్డ దొంగ మిగిలాడు.

"వాడికి ఎవరి ముఖం పెడతావయ్యా?" అన్నాడు రివాల్.

"చూద్దాం, ఎవరు దొరుకుతారో" అన్నాడు కోనన్ రాతిపొడి దులుపుకుంటూ.

పొద్దుగూకేలోగా ఆ మాట గడపగడపకూ పాకింది. మర్నాటి నుంచి సమాధుల పక్కన శిల్పి పనిచేసే పాక ముందు నడిచే ప్రతివాళ్లకూ ముసుగే. కమ్మరి ఒక గొర్రెను భుజాన వేసుకుని, దాని వెనక మొహం దాచుకుని నడుస్తూ పోయి చర్చి గోడకు గుద్దుకున్నాడు. తెలివైనవాళ్లు మాత్రం ఉప్పు వెన్న, ఆపిల్ కల్లు, పొగబెట్టిన పంది తొడ మోసుకొచ్చారు. "ఊరికేనయ్యా, నీ ఒంటికి మంచిదని!" కోనన్ ఏదీ వద్దనలేదు. చలికాలం పోయి మళ్లీ చలికాలం వచ్చింది. శిల్పికి పొట్ట వచ్చింది కానీ దొంగకు తల రాలేదు.

"ఇంకెన్నాళ్లు నాయనా?" అని చర్చి గురువుగారు అడిగితే, "సరైన ముఖం దొరకందే చెయ్యి ఆడదు గురువుగారూ" అని నిట్టూర్చేవాడు.

అతని గురకతో, ఇంటి ముందు బుట్టలతో నిలబడే జనంతో అజెనోర్ విసిగిపోయింది. ఒక ఉదయం పాకలోకి వెళ్లి, తలగుడ్డ విప్పి, బండమీద కూర్చుంది.

"నా ముఖం చెక్కు."

కోనన్ చేతిలోని కల్లు ముంత జారింది. "నువ్వు ఆడమనిషివి కదా వదినా!"

"గుడ్డ తీశాక ఎవడికి తెలుస్తుంది? ముందు పన్ను లేదు, గడ్డాన పులిపిరి ఉంది. ఇంతకన్నా మంచి దొంగ... ఛ, చెడ్డ దొంగ నీకెక్కడ దొరుకుతాడు?"

"ఊళ్లో నవ్వుతారు."

"నవ్వనీ. నువ్వు ముందు ఉలి పట్టు."

కోనన్ తప్పించుకోలేక చెక్కడం మొదలుపెట్టాడు. చెడ్డ దొంగ ప్రభువు వైపు చూడకూడదు కాబట్టి తల పక్కకు తిప్పాలి. ఎటు తిప్పనని అడిగితే, అజెనోర్ కిటికీలోంచి సమాధుల చుట్టూ ఉన్న గోడ మూలకు వేలు చూపింది.

"అటు. మా గిల్హెర్మ్ అక్కడే ఉన్నాడు."

కోనన్ ఆ మూలనున్న సమాధిని చూశాడు. ఆ పూట మళ్లీ ముంత ముట్టలేదు. ముఖం పూర్తయ్యేదాకా అతను పనిచేసిన శ్రద్ధ ఊళ్లో ఎవరూ అంతకుముందు చూడలేదు.

సిలువ నిలబెట్టిన రోజు జనం ముసుగులు తీసి వచ్చారు. పులిపిరి చూడగానే కమ్మరి పొట్ట పట్టుకుని నవ్వాడు. రివాల్ మాత్రం ముఖం చిట్లించాడు.

"సిగ్గులేదా అజెనోర్? కలకాలం దొంగగా ఉండిపోతావా?"

"నీకేం బాబూ, నువ్వు స్వర్గానికి పోయేవాడివి. నాకు ఇక్కడ పనుంది." ఆమె గిల్హెర్మ్ సమాధి దగ్గరకు నడిచి, రాతి ముఖం వైపు చెయ్యి చూపించి, చనిపోయిన మొగుడితో గట్టిగానే అంది. "బతికున్నన్నాళ్లూ కల్లు దుకాణానికి ఎప్పుడు జారుకునేవాడివో తెలిసేది కాదు. ఇప్పుడు నా కళ్లు నీ మీదే, కదులు చూద్దాం!"

గురువుగారు నవ్వు ఆపుకోలేక తీర్థపు నీళ్లు సిలువకు బదులు కమ్మరి మీద చల్లారు.

మర్నాడే కోనన్ బయలుదేరాడు. అతని సామాను మోయడానికి బండి కావాల్సి వచ్చింది. అందులో సగం వెన్న జాడీలే. అజెనోర్ ముంగిట్లో నిలబడి, దారికని నాలుగు అట్లు మూటకట్టి ఇచ్చింది.

"పొట్ట తగ్గించుకో మరిదీ" అంది.