వెనక తలుపు

“మా కోడలు బొమ్మలు బాగా వేస్తుందిలెండి” అన్నారు గంగాధరరావుగారు ఫోనులో, అవతలున్న ఫైరాఫీసరుతో.

వంటింట్లో కొబ్బరి కోరుతున్న వెంకటదుర్గకి నవ్వొచ్చింది. బొమ్మలట! కాకినాడ పాలిటెక్నిక్‌లో బల్ల మీద వంగి వంగి, మెడ పట్టేసేలా నేర్చుకున్న డ్రాయింగు మావయ్యగారికి బొమ్మలు. అయినా అప్పుడు కోపం రాలేదు. కొత్త కాపురం. గుమ్మం ముందు పారిజాతాలు రాలినా, సతీష్ స్కూటరు మలుపు తిరిగి హారను కొట్టినా మనసు గంతులేసే రోజులు.

మామిడికుదురు చుట్టుపక్కల కొబ్బరిపీచు మిల్లులన్నిటినీ, ఇంటి పక్కనున్న మావయ్యగారి మిల్లుతో సహా, ప్లాన్లు ఇమ్మన్నారు ఫైరాఫీసు వాళ్ళు. నీళ్ళు ఎక్కడ, కరెంటు మెయిన్ ఎక్కడ, డీజిలు డ్రమ్ములెక్కడ, ఫైరింజను ఎటు నుంచి రావాలి, లోపలి మనుషులు ఎటు నుంచి బయటపడాలి, ఇవన్నీ అందులో ఉండాలి. నిప్పంటుకున్నాక వెతుక్కోవడం కాదు, ముందే తెలియాలని. ఆ సాయంత్రమే సతీష్ అమలాపురం నుంచి ట్రేసింగు కాయితం, ఇంకు పెన్నూ తెచ్చేడు. అదే సంచిలో మల్లెపూలు కూడా పెట్టుకొచ్చేడేమో, కాయితం విప్పితే గుప్పుమంది. దుర్గ ఆ కాయితాన్ని పట్టుచీర మడత విప్పినట్టు విప్పింది.

“కొత్త కోడలు మిల్లులో టేపు పట్టుకు తిరగడమేంటమ్మా!” అన్నారు అత్తగారు రామలక్ష్మిగారు. మళ్ళీ ఆవిడే నడుముకున్న గుత్తిలోంచి ఒక తాళంచెవి తీసి చేతిలో పెట్టేరు. “ఎలాగూ వెళ్తున్నావు కాబట్టి పొద్దున్నే ఆడాళ్ళు లోపలికెళ్ళగానే షెడ్డు వెనక తలుపుకి తాళం వేసెయ్యి. భోజనాలప్పుడు తియ్యి. వదిలేస్తే పిల్లలకి పాలిచ్చొస్తామని పోయి ఓ పట్టాన రారు.”

అత్తగారు తాళంచెవి ఇచ్చేరంటే ఇంట్లో మనిషినైపోయినట్టే అనుకుంది దుర్గ. దాన్ని బొడ్లో దోపుకుని, నడుస్తుంటే గాజుల్తో కలిసి చప్పుడవుతుందేమోనని చెవొగ్గి వినేది కూడా.

అంట్లయ్యేక, ఒత్తులు చేసేక, అందరూ తిని లేచేక, అప్పుడు భోజనాల బల్ల ఆమెది. ముందు గుమ్మం గీసింది. దాన్ని ఆనుకునే మోటారు. గోడ వారన పీచు మోపులు. వెనక కాలువ. “ఇదిగో నీళ్ళు, నీలం రంగు వెయ్యి” అన్నాడు సతీష్. “ఎండాకాలం కాలువ కట్టేస్తారు కదండీ? పీచు ఎండి గలగల్లాడేదీ అప్పుడేగా?” అంటే, “అబ్బో, ఇంజనీరుగారు!” అని బుగ్గ గిల్లేడు. పక్కన చిన్న అక్షరాల్లో రాసింది: ఎండాకాలం నీరుండదు. కింద మూలన ‘గీసినవారు’ అన్నచోట కలం ఆగితే, “నా పేరు రాయి. ఆఫీసు కాయితం కదా. నువ్వూ నేనూ వేరా?” అన్నాడు. ఆ చివరి మాటకి మురిసిపోయి, అతని పేరే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది.

ప్లాను దాదాపు అయిపోయిందనగా ఓ పొద్దున్న, రోజూలాగే వెనక తలుపుకి తాళం వేసొచ్చి బూరెలు వేయిస్తోంది. మిల్లు వైపు నుంచి దబదబా చప్పుడు. ఒక చెయ్యి కాదు, చాలా చేతులు. గరిటె వదిలి లేవబోయింది.

“కూర్చో. వాళ్ళకిది రోజూ ఉండేదే. బూరెలు మాడతాయి చూడు” అన్నారు అత్తగారు.

దుర్గ కూర్చుంది. బూరెలు తిరగేసింది. చప్పుడు ఆగిపోయింది. ఆగిపోయిందే అన్న గుబులుకి పొయ్యి ఆర్పి పరుగెత్తింది.

తాళం తీసేసరికి పొగ మొహాన్ని కొట్టింది. మోటారు బెల్టు అంటుకుందట. ముందు గుమ్మం మోటారు పక్కనే కాబట్టి అటు పోలేక అందరూ వెనక్కి పరుగెత్తేరట. పనిలో ఉన్న దీనమ్మ, తాగే నీళ్ళ బిందె తీసుకెళ్ళి కుమ్మరిస్తే ఆరిందట. ఆమె అరచేతులు తలుపు బాది బాది కందిపోయేయి. చిన్నతల్లి జాకెట్టు పాలతో తడిసి ఉంది.

“వినపడలేదాండీ?” అంది దీనమ్మ.

దుర్గ చేతిలో తాళంకప్పని కొంగు చాటుకి లాక్కుంది. చిన్నతల్లే దగ్గుతూ నవ్వింది. “బూరెలొండుతున్నారు కదండీ అమ్మగారు. ఆయ్, అంత పొగలోనూ వాసనొచ్చిందండి.”

మధ్యాహ్నం భోజనాల దగ్గర మావయ్యగారు, “బెల్టు మాడితే కొంపంటుకున్నట్టు తలుపు విరగ్గొట్టబోయేరంట!” అని నవ్వేరు. రావులపాలెంలో లోడు దింపి వచ్చిన సతీష్ నవ్వుతూనే, “బూరెలు మాత్రం అదిరేయి దుర్గా” అన్నాడు. ఆ మాట నిన్న విని ఉంటే వారం రోజులు దాచుకునేది. ఇవాళ అది కడుపులోకి నిప్పుకణికలా దిగింది. ఏమిటి వీళ్ళు? మోపుల్ని ఎండలో వేసి వానొస్తే పరుగెత్తి కప్పుతారు. మనుషుల్ని లోపల పెట్టి తాళం వేస్తారు. పాలిచ్చే తల్లి వెళ్తే పని పోతుందట! వీళ్ళెవరూ తాళం ముట్టుకోలేదు కూడా. చక్కగా ముద్దుచేసి, గౌరవమని చెప్పి, తన చేత వేయించేరు. తను మురిసిపోయి వేసింది. నిజంగా అంటుకుని ఉంటే ఆ తలుపు దగ్గర వాళ్ళని కాల్చింది ఎవరు? ‘కూర్చో’ అంటే కూర్చున్నదెవరు? నువ్వూ నేనూ వేరా అట. పేరు రాసుకోవడానికి వేరు కాదు, తాళం వెయ్యడానికి మాత్రం నేను! ఇన్నాళ్ళూ ముద్దొచ్చిన ప్రతి మాటా వరసగా గుర్తొచ్చి, ఒక్కొక్కదానికీ ఒళ్ళు మండింది. ఆమె మారు బూరె తినలేదు. ఆకులు ఎత్తేసి బల్ల తుడిచి కాయితం పరిచింది. వెనక తలుపు రావలసిన చోట రెండు గీతలు గీసి, మధ్య ఏటవాలు గీతలు దట్టంగా నింపింది. గోడ.

సతీష్ తొంగిచూసేడు. “తలుపు మర్చిపోయేవు.”

“మర్చిపోలేదండి.”

“పిచ్చిదానా, అక్కడ తలుపుంది కదా!”

“తెరుచుకుంటే తలుపు.”

“రేపు ఆఫీసరుగారొస్తారు. నాన్నగారు ఊరుకోరు. ఒక్క గీతకి ఇంత రాద్ధాంతమా?”

“నిప్పంటుకుంటే, ఆ గీత చూసి మనుషులు అటు నుంచి వచ్చేసేరనుకుంటారు ఫైరింజను వాళ్ళు” అంది దుర్గ. ఇంకు ఆరేదాకా కాయితం మీంచి చెయ్యి తియ్యలేదు.

మర్నాడు ఆఫీసరుగారొచ్చి వరండాలో కూర్చున్నారు. ప్లాను విప్పి, “ఎంత నీటుగా వేసేరండీ!” అని మెచ్చుకున్నారు. సతీష్ ఇబ్బందిగా నవ్వేడు. ఆయన వేలు వెనక గోడ మీద ఆగింది. “ఒకటే గుమ్మమాండీ? అదీ మోటారు పక్కన?”

“అబ్బే, వెనక తలుపుందండి. మా కోడలు మర్చిపోయింది. ఆడపిల్లలు కదండీ” అన్నారు గంగాధరరావుగారు.

దుర్గ కాఫీ పళ్ళెం తెచ్చింది. గ్లాసుల మధ్య ఇనుప తాళంకప్ప ఉంది. అందులోనే చెవి.

“ఇదున్నంతసేపూ అది గోడేనండి” అంది. “ఇందాకే తీసుకొచ్చేను. ఇంక వెయ్యను.”

“లోపలికి వెళ్ళు!” అన్నారు రామలక్ష్మిగారు గుమ్మంలోంచి.

దుర్గ అక్కడే నేల మీద కూర్చుంది. ఆఫీసరుగారు కాఫీ తీసుకోలేదు, తాళంకప్ప తీసుకున్నారు. బరువు చూస్తున్నట్టు చేతిలో పట్టుకుని గంగాధరరావుగారి వైపు చూసేరు. మిల్లు వెనక నుంచి చిన్నతల్లి బిడ్డ ఏడుపు వినిపించి, కాసేపటికి ఆగింది.

“అయితే తలుపు గియ్యొచ్చా అమ్మా?” అన్నారాయన.

“ఆయ్, గీస్తానండి.”

ట్రేసింగు కాయితం మీద ఇంకు రబ్బరుకి పోదు. బ్లేడుతో, కాయితం చిరక్కుండా, మెల్లగా గీకాలి. దుర్గ బ్లేడు తీసుకుని, మొగుడు చూస్తుండగా, ముందు కింద మూలనున్న అతని పేరు గీకేసింది. తర్వాత గోడ.