గొంతు ఏ అరలో ఉంది

ఆయన గొంతును ఒకసారి క్యాన్సర్ తీసుకుంది. రెండోసారి మీరు తీసుకున్నారు. కొత్త కంప్యూటర్ల పక్కన ఫొటోలు దిగి, పాతవాటిని స్టోరుగదిలోకి తోయించిన ఆఫీసర్లూ, కాంట్రాక్టరూ, మిమ్మల్నే అంటున్నాను. జబ్బుకు బుద్ధి ఉండదు. మీకు ఉంది. దాన్ని వాడలేదు.

ఆ సోమవారం ఉదయం నీళ్ల బాబాయి ఎప్పటిలాగే నీటి సరఫరా ఆఫీసులో తన మూల బల్ల దగ్గర కూర్చుని, మెడకు కట్టుకున్న పల్చటి గుడ్డ మార్చుకుంటున్నాడు. గుడ్డ కింద చొక్కా బొత్తాం అంత రంధ్రం. ఊపిరి పీల్చేదీ వదిలేదీ అందులోంచే. దగ్గు వస్తే నోరు కదలదు, మెడ దగ్గుతుంది. వెడల్పాటి భుజాలు, నెరిసిన కనుబొమలు, కీబోర్డు మీద చూపుడువేళ్లు రెండే ఆడించే అలవాటు. కుళాయి రాకపోతే ఊరంతా ఫోన్ చేసేది ఆయనకే కాబట్టి ఆ పేరు పడింది.

మాట పోయిన మనిషి ఫోన్ దగ్గర పనిచేయడం ఎలాగంటే, టైపు చేసింది కంప్యూటర్ పలికేది. అదీ ఆయన గొంతుతోనే. ఆపరేషన్‌కు ముందు కంప్యూటర్ మెకానిక్ ఒకడు బయటి చప్పుడు పడకుండా ఆయన్ని దుప్పటి కప్పి కూర్చోబెట్టి, రోజుల తరబడి వాక్యాలు చదివించి, ఆ గొంతును ఆఫీసులోని, లైనక్స్ అనే వ్యవస్థతో నడిచే కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఆ మెకానిక్ తర్వాత ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. చదివిన రోజుల్లో జలుబు చేసి ఉండటంతో గొంతు ఎప్పటికీ ముక్కుతోనే పలికేది. పైపు పగిలిందన్నా, ఇల్లు మునిగిందన్నా ఒకటే రాగం.

"నీ జలుబు ఇన్నేళ్లయినా తగ్గలేదేంటి బాబాయ్?" అని పైపులు బాగుచేసే లైన్‌మన్ రోజూ ఆటపట్టించేవాడు.

"నీ వాగుడు తగ్గాక తగ్గుతుంది," అనేది కంప్యూటర్.

ఆ ఉదయం బల్లమీద కొత్తది ఉంది. బాబాయి ప్రోగ్రాము పేరు టైపు చేశాడు: పలుకు. అలాంటి ఆదేశం లేదంది తెర. తప్పు కొట్టానేమో అనుకుని, ఒక్క వేలితో నిదానంగా మళ్లీ కొట్టాడు. లేదు.

కంప్యూటర్లు అమర్చడానికి వచ్చిన ఇంజినీరు పరిగెత్తుకొచ్చాడు. "మీ హోం ఫోల్డరు మొత్తం తెచ్చేశాం బాబాయ్. ఏదీ పోలేదు. ఇవిగో, మీ ఫొటోలు కూడా ఉన్నాయి."

ఫొటోలు ఉన్నాయి. మనిషి పెట్టుకున్న ఫైళ్లన్నీ ఉన్నాయి. కానీ లైనక్స్‌లో ప్రోగ్రాములు ఆ ఫోల్డరులో కాపురం ఉండవు. పిలిస్తే పలికే ముక్క ఒక అరలో, దాని సెట్టింగులు ఇంకో అరలో, అసలు సరుకు వేరే అరలో ఉంటాయి. ఆ మాట తెలిసిన ఇంజినీరుకు రెండు రోజుల్లో ఆఫీసంతా మార్చెయ్యమని గడువు పెట్టారు. ఎవరికి ఏం కావాలో అడగడానికి ఆ గడువులో చోటు లేదు.

మధ్యాహ్నం భోజనం వేళకు అక్క ఫోన్ చేస్తుంది. బాబాయి కంగారంతా అదే. అమ్మ పోయాక ఎత్తుకు పెంచింది అక్కే. చూపు పోయింది, వేరే ఊళ్లో ఉంది, రాసి పంపితే చదవలేదు. బాబాయికి పెళ్లి కుదిరినట్టే కుదిరి తప్పిపోయింది. తర్వాత ఎవరూ అడగలేదు, ఆయనా అడగలేదు. ఇక తనవాళ్లంటూ మిగిలింది అక్క ఒక్కతే. అదీ ఈ కంప్యూటర్ ద్వారానే. అద్దెగదికి పోయాక తెల్లారేదాకా ఆయన దగ్గర ఏ మాటా ఉండదు.

స్టోరుగదికి వెళ్లాడు. పాత కంప్యూటర్ పెట్టెలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. పక్కన గీత పడ్డ తన పెట్టెను పోల్చుకుని, ఈడ్చి, తెర తగిలించి లేపాడు. "ప్రోగ్రాము ఎక్కడుందో మర్చిపోతే విచ్ అని అడుగు, అదే చెబుతుంది," అని మెకానిక్ నేర్పిన ముక్క ఒక్కటే ఆయనకు వచ్చు. అడిగాడు. బిన్ అనే అరకు దారి చూపింది. అక్కడున్న 'పలుకు' ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాడు. రెప్పపాటులో అయిపోయింది. ఇంత గొంతు అంత తొందరగా ఎలా వచ్చిందన్న అనుమానం రాలేదు. ఆశ అలాంటిది.

కొత్త కంప్యూటర్‌లో పెట్టి పిలిచాడు. ఫైలు దొరకలేదంది.

ఫోన్ మోగింది.

"ఒరే చిన్నోడా, తిన్నావా?"

చేతులు అలవాటుగా టైపు చేశాయి. తెర మీద అక్షరాలు వరుసగా నిలబడ్డాయి. ఒక్కటీ పలకలేదు.

"ఏంట్రా, కోపమా? నిన్న ఫోన్ చెయ్యలేదనా? సెలవు కదరా, ఆఫీసుకు ఫోన్ చేస్తే గోడ ఎత్తుతుందా?"

గోరుతో రిసీవరు మీద కొట్టాడు. మెడలోంచి గాలి ఈలలా వచ్చింది.

"ఎవరండీ అది? ఫోన్లో ఊదుతారేంటి? మా తమ్ముడికివ్వండి."

మళ్లీ కొట్టాడు. గట్టిగా కొట్టాడు.

"ఎవరో ఆకతాయిలు," అని ఆమె తనలో తను అనుకోవడం వినిపించింది. లైను తెగింది.

సాయంత్రం ఇంజినీరు పెన్‌డ్రైవ్ చూసి తల కొట్టుకున్నాడు. "ఇది ఉత్త చీటీ బాబాయ్. ఆప్ట్ అనే అరలోకి పోయి అసలు ప్రోగ్రామును లేపమని ఇందులో రాసుంది, అంతే. మీరు బోర్డు పీక్కొచ్చారు, కొట్టు అక్కడే ఉంది. పదండి, తెద్దాం."

అప్పటికే స్టోరుకు సీలు వేసేశారు. ఆఫీసరు బాబాయి తల మీదుగా ఇంజినీరుతో అన్నాడు. "కాంట్రాక్టరుకు అప్పజెప్పేశాం. ఇక మనవి కావు. దరఖాస్తు పెట్టుకోమని ఆయనకు చెప్పు."

"ఆయనకు చెవుడు లేదు సార్."

"అయితే విన్నాడుగా."

దరఖాస్తు పెట్టాడు. జవాబు రాలేదు. మర్నాటి నుంచి ఫోన్ ఇంకొకరికిచ్చి, ఆయన్ని బీరువాల దగ్గర కూర్చోబెట్టారు. ఆ వారం చివర ఒక ఉదయం బాబాయి గదిలోంచి బయటికి రాలేదు. తలుపు తీయించేసరికి ప్రాణం లేదు. పక్కగది వాళ్లకు ఏ పిలుపూ వినిపించలేదన్నారు. ఎలా వినిపిస్తుంది?

అక్కకు చెప్పడానికి లైన్‌మన్ వెళ్లాడు. స్టోరులోని పాత పెట్టె సంగతితో సహా అంతా చెప్పాడు. ఆమె గోడకు ఆనుకుని అడిగింది.

"ఆ రోజు ఫోన్లో ఊదింది వాడేనా?"

లైన్‌మన్ తల ఊపాడు. ఆమెకు కనబడదని గుర్తొచ్చి, "అవునమ్మా," అన్నాడు.

"వాడి గొంతు ఆ పెట్టెలోనే ఉందంటివి కదా. ఒక్కసారి వినిపించండి నాయనా. జలుబు గొంతైనా సరే."

ఇప్పుడు చెప్పండి. కాంట్రాక్టరు లారీ ఇంకా రాలేదు. సీలు విప్పండి. ఆప్ట్ అర తెరవండి, ఇంజినీరుకు దారి తెలుసు. ఆ గొంతును తెచ్చి ఆమె చేతిలో పెట్టండి. దరఖాస్తులు తర్వాత, సంతకాలు తర్వాత. ఇవాళే. ఆ పెట్టె మూత మీద ఎర్ర సుద్దతో 'తుక్కు' అని రాయించారు. ముందు అది తుడవండి.