వేలెడు చొప్పున దిగిన గట్టు

తిన్న కంచం అక్కడే వదిలేసి వచ్చి కూర్చున్నావు కదూ? లే. ముందు అది కడిగి రా. కథ ఎక్కడికీ పారిపోదు. ఎండిపోయిన నీ ఎంగిలి మెతుకుల్ని ఇంకొకరు గోళ్లతో గీకి తీయాలని నీకెవరు నేర్పారు? కడిగావా? చేతులు తుడుచుకున్న ఆ తువ్వాలు ఎవరు ఉతికారో అదీ ఒకసారి ఆలోచించుకుని, ఇప్పుడు కూర్చో. ఇది నీలాంటివాళ్లు వినాల్సిన కథ.

ఒక ఇంట్లో ముగ్గురుండేవారు. అన్న, అతని భార్య, అతని చెల్లెలు. అన్న బస్సు డిపోలో గుమాస్తా. ఇంట్లో గొడవ మొదలైతే పేపరు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకునే రకం. భార్య చాలా పొడగరి. ఇంటి కప్పు మోసే స్తంభంలా ఉందని వీధిలో వాళ్లు ఆమెకు నిట్రాట అని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆమెకు ఇష్టమే. చెల్లెలు ఆమె భుజం దాకా కూడా రాదు. చిన్నప్పటి నుంచీ అందరికీ బుడ్డి. పెళ్లి చేసుకోలేదు, పుట్టిన ఇంట్లోనే ఉండిపోయింది.

పొద్దున్నే అయిదింటికి కుళాయి తిప్పే చెయ్యి బుడ్డిది. పాలు కాచడం, ఇల్లు తుడవడం, రెండు పూటలా వంట, గిన్నెలు తోమడం, బట్టలు ఉతికి, ఆరేసి, మడతపెట్టడం కూడా ఆ చెయ్యే. నిట్రాట ఎనిమిదింటికి లేచి టీ గ్లాసు అందుకునేది. పక్కింటివాళ్లు కనిపిస్తే మాత్రం, "ఏం చెప్పను, పొద్దున లేచిన దగ్గర్నుంచి నడుం వాల్చింది లేదు" అనేది.

పద్దెనిమిదేళ్లు అలాగే గడిచాయి. తర్వాత కొత్త వంటగది వచ్చింది.

కొలతలు తీసుకోవడానికి వచ్చిన వడ్రంగి చెవి మీద పెన్సిలు, మెడలో టేపు వేసుకుని గది మధ్యలో నిలబడ్డాడు. "ఇక్కడ నిలబడి వంట చేసేదెవరమ్మా? గట్టు ఆ మనిషి మోచేతికి జానెడు కిందకి రావాలి."

బుడ్డి పక్కనే కింద కూర్చుని గిన్నెలు తోముతోంది. చేతుల నిండా నురగ.

"ఇంకెవరు చేస్తారు? నేనే" అంది నిట్రాట, చెయ్యి మడిచి చూపిస్తూ.

వడ్రంగి ఆ చేతిని చూశాడు, కింద నురగలో ఉన్న చేతుల్ని చూశాడు, కొలత రాసుకున్నాడు. నెల తిరిగేసరికి అరలు, సొరుగులు, నున్నటి గట్టు, దాని ముందు కూర్చోవడానికి ఎత్తు స్టూళ్లు అన్నీ అమిరాయి. వెళ్లేముందు గ్యారంటీ కాగితం చదివి వినిపించాడు.

"చెదలు పట్టవు. నీళ్లు తగిలినా ఉబ్బదు. దీని దగ్గర నిలబడి ఇంటిపని గురించి అబద్ధం చెబితే మాత్రం దిగుతుంది. చిన్నదైతే వేలెడు, పెద్దదైతే ఇంకా. నిజం చెబితే మళ్లీ లేస్తుంది."

"అది సరే, రంగు వెలిసిపోదు కదా?" అంది నిట్రాట.

"వెలవదమ్మా."

"అయితే చాలు. సంతకం ఎక్కడ పెట్టాలి?"

కొత్త వంటగదిలో కుదురుకోవడం తేలిక కాదు. తలుపులకు అంటించిన పల్చటి పొరలన్నీ బుడ్డి గోళ్లతో ఒలిచింది. సొరుగుల్లో పాత పేపర్లు పరిచింది. ఎన్నిసార్లు తుడిచినా మూలల్లోంచి రంపపు పొట్టు రాలుతూనే ఉండేది, జిగురు వాసన వారం దాకా టీలోకి కూడా వచ్చింది. చెంచాలు ఎడమ సొరుగులో, పోపు డబ్బాలు స్టవ్ పక్క అరలో, ఉప్పు సింకు పైన తడి తగలని చోట. ప్రతి వస్తువుకీ ఒక చోటు చూసి, మార్చి, మళ్లీ మార్చి, చేతికి అలవాటు చేసుకుంది.

ఒక్క గట్టే చేతికి రాలేదు. ఆమెకు అది రొమ్ముల ఎత్తుకు వచ్చింది. ఉల్లిపాయ తరగాలంటే భుజాలు పైకెత్తాలి. నాలుగు రోజులకే మెడ పట్టేసింది. పెరట్లోంచి ఒక చెక్కపెట్టె తెచ్చి బోర్లించి దాని మీద నిలబడింది.

"తీసెయ్ దాన్ని" అంది నిట్రాట. "ఎవరైనా వస్తే ఏమనుకుంటారు? ఇంత పెట్టి చేయించింది సర్కస్ ఆడించడానికా?"

"అందడం లేదు వదినా."

"అందకపోతే పెరుగు. తప్పు నీ కాళ్లది, నా గట్టుది కాదు. ఇంకో మాట. మీ అమ్మ నాటి ఆ మసిపట్టిన ఇనప పెనం నా కొత్త అరల్లో కనిపించిందంటే వీధిలోకి విసిరేస్తాను."

అన్న పేపరు తిప్పాడు. బుడ్డి పెనాన్ని గుడ్డలో చుట్టి సింకు కింద గొట్టం వెనక దాచింది. ఆ మర్నాడు మునివేళ్ల మీద నిలబడి కూర కలుపుతుంటే గిన్నె ఒరిగి మణికట్టు కాలింది. దాని మీద ఇంత తేనె రాసుకుని, కూర దించి, వడ్డించింది.

కొత్త వంటగది చూడటానికి వీధంతా వచ్చింది. నిట్రాట గట్టు మీద చెయ్యి వేసి నిలబడి చూపించేది.

"అద్దంలా ఉందే! ఇంత శుభ్రంగా ఎలా ఉంచుతున్నావు?" అంది పక్కింటావిడ.

"రోజుకి మూడుసార్లు తుడుస్తానండీ. ఇంకొకరి మీద వదిలేస్తే మనసొప్పదు."

గట్టు వేలెడు దిగింది. దాంతోపాటే స్టవ్వు, సింకు, పై అరలు, కింది గొట్టాలు కూడా సర్దుకున్నాయి. ఒక్క చుక్క కారలేదు. పక్కింటావిడ జారబోయిన తన కప్పుని పట్టుకుని, ఊరికే నవ్వి, మిగిలిన టీ తాగేసింది. ఎదురింటావిడ వచ్చిన రోజు ఇంకో వేలెడు. మేడ మీదుండే దర్జీ భార్య వచ్చినప్పుడు మాటకొకటి చొప్పున ఒకేసారి మూడు.

సాయంత్రం అన్న డిపో నుంచి వచ్చి టిఫిను డబ్బా గట్టు మీద పెట్టబోతే అది అనుకున్నదాని కంటే కిందుంది. "ఇవాళ ఎవరో వచ్చినట్టున్నారే" అని, డబ్బా పెట్టి, పేపరు తీసుకున్నాడు.

రెండు నెలలు తిరిగేసరికి గట్టు సరిగ్గా బుడ్డి మోచేతికి జానెడు కిందకి వచ్చింది. ఆమె మెడనొప్పి పోయింది. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి కూర తరుగుతూ కూనిరాగం తీసింది. ఆ రాగమే నిట్రాటకు మంటెక్కించింది.

"దాని కొలతకి తగ్గట్టు చేయించినట్టుంది చూడండి! నా ఇల్లా, దాని ఇల్లా?" అని మొగుడి పేపరు లాగి పడేసింది. "పెదమామయ్యగారికి ఉత్తరం రాశాను. మీ మేనత్త మంచం పట్టి ఉందిగా. మనిషి కావాలిట. దీన్ని పంపించేద్దాం."

"ఆవిడ గ్లాసులు విసురుతుందే... ముగ్గురు పారిపోయారు."

"ఇది పొట్టిదేగా. తలకి తగలవు."

అన్న పేపరు ఏరుకున్నాడు. బుడ్డి సింకు దగ్గర నిలబడి అంతా విన్నది. కూనిరాగం ఆగిపోయింది.

ఆ పెదమామయ్య అన్నాచెల్లెళ్లకు పెదనాన్న, రిటైరైన భూమి సర్వేయరు. ఇప్పటికీ జేబులో టేపు లేకుండా గడప దాటడు. ఆ కుటుంబంలో ఆయన మాటే ఆఖరు. పొమ్మంటే బుడ్డి పోవాల్సిందే. ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. నిట్రాట అంతకుముందే బుడ్డిని బట్టలు మడతపెట్టే వంకతో పెరట్లోకి తోలి, నడుముకి కొత్త ఏప్రన్ కట్టుకుంది. షాపువాళ్ల చీటీ దానికింకా వేలాడుతోంది.

"ఇక్కడే కూర్చోండి మామయ్యగారూ, వేడివేడిగా వడ్డిస్తాను" అని ఆయన్ని ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టింది.

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, "కూర బాగుంది. ఎవరు చేశారు?" అన్నాడు.

"నేనే."

గట్టు వేలెడు దిగింది. పెదనాన్న మంచినీళ్ల గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

"పొద్దున నాలుగింటికే లేచానండీ మీరు వస్తున్నారని."

ఇంకో వేలెడు. ఆయన మోకాళ్లకు గట్టు అంచు తగిలింది. స్టూలు కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

"మరి మా అమ్మాయి సంగతేమిటి? ఉత్తరంలో బరువు అని రాశావు."

నిట్రాట ఏప్రన్ చెంగుతో కళ్లు ఒత్తుకుంది. "నా నోటితో ఎలా చెప్పమంటారు? పద్దెనిమిదేళ్లుగా కూర్చోబెట్టి మేపుతున్నాను మామయ్యగారూ, ఈ రెండు చేతులతో. పుల్ల తీసి పక్కన పెట్టదు."

గట్టు మెల్లగా, ఏ చప్పుడూ లేకుండా దిగడం మొదలుపెట్టింది. కంచం, కూరగిన్నె, నీళ్ల కూజా ఏవీ ఒరగలేదు. పిక్కల ఎత్తుకు వచ్చి ఆగింది. పైన ఎత్తు స్టూలు మీద పెదనాన్న, కింద ఆయన కాళ్ల దగ్గర ఆయన కంచం.

ఆయన స్టూలు దిగి, నేల మీద బాసింపట్టు వేసుకుని, అన్నం ముగించాడు. చెయ్యి కడుక్కుని, జేబులోంచి టేపు తీసి గట్టుకి ఆనించాడు. "పధ్నాలుగు అంగుళాలు" అన్నాడు తనలో తను. తర్వాత తలెత్తి, "అమ్మాయ్, కొంచెం ఉప్పు ఇస్తావా? మజ్జిగలోకి" అన్నాడు.

నిట్రాట ఎడమ సొరుగు లాగింది. చెంచాలు. కుడి సొరుగులో గుడ్డలు. స్టవ్ పక్క అర తీసింది, మూసింది, మళ్లీ అదే తీసింది.

"ఈ బుడ్డి ఎక్కడ పెట్టి చచ్చిందో!"

ఆ మాట అన్నాక గట్టు వెంట్రుకవాసి పైకి లేచింది. అది నిజం కదా మరి.

పెదనాన్న పెరట్లోకి కేక వేశాడు. బుడ్డి వచ్చి, తలుపు దగ్గర నిలబడి, గట్టుని చూసింది, వదినని చూసింది. తిన్నగా వెళ్లి సింకు పైనున్న అరలోంచి ఉప్పు డబ్బా తీసి ఇచ్చింది. ఆయన ఆమె మణికట్టు మీద కాలిన మచ్చ చూశాడు.

"మీ అత్తకి ఇంకెవరినైనా చూస్తాను. నీకు ఇక్కడ ఉండాలనుందా తల్లీ?"

"ఇది నేను పుట్టిన ఇల్లు పెదనాన్నా. ఎక్కడికీ పోను. ఈ వంటగదిలో మాత్రం ఇక అడుగు పెట్టను."

సింకు కింద చెయ్యి పెట్టి ఇనప పెనం తీసుకుంది. వెనక గదిలో వాళ్లమ్మ కుట్టుమిషను బల్ల ఉంది, సరిగ్గా ఆమె ఎత్తుది. దాని మీద ఒంటి స్టవ్ పెట్టుకుంది.

పెదనాన్న వెళ్తూ వెళ్తూ అన్న చేతిలో పేపరు తీసుకుని మడిచి చంకలో పెట్టుకున్నాడు. "నువ్వెక్కడ తింటావో నీ ఇష్టం. తిన్న కంచం మాత్రం నువ్వే కడుక్కో." అన్న ఆ సాయంత్రమే తన కంచంతో వెనక గదికి వెళ్లి, గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. మర్నాటి నుంచి చెల్లెలికి నీళ్లు పట్టి ఇవ్వడం మొదలుపెట్టాడు.

నిట్రాట వడ్రంగిని పిలిపించింది. గ్యారంటీ కాగితం మొహాన కొట్టినట్టు పెట్టింది. అతను గట్టు పక్కన గొంతుక్కూర్చుని చూశాడు.

"చెక్కలో లోపమేమీ లేదమ్మా. 'ఈ ఇంటి పనంతా నా ఆడపడుచు చేసింది' అని ఇక్కడ నిలబడి ఒక్కసారి అనండి. ఎక్కడ మొదలైందో అక్కడికి లేస్తుంది."

"దానికి నేను దండం పెట్టాలా? కొత్తది చేసి పెట్టు."

"ఎన్ని కొత్తవి చేసినా ముందు నిలబడేది మీరే కదా" అని పెన్సిలు చెవి మీద పెట్టుకుని వెళ్లిపోయాడు.

పనిమనిషిని పిలిస్తే ఆమె గుమ్మంలోంచే చూసి, "నా నడుం నాకు కావాలమ్మా" అని వెనక్కి తిరిగింది. ఇక నిట్రాటే వండుకుంది, పిక్కల ఎత్తు గట్టు మీద, రెండు మడతలుగా వంగి, రోజూ రెండు పూటలా. మొదటి ఏడాది నడుం పట్టేసేది. రెండో ఏడు వీధిలోకి వచ్చినా పూర్తిగా లేవలేదు. మూడో ఏటికి అసలు లేవలేదు. ఆ ఒక్క మాట ఏ రోజు అని ఉన్నా సరిపోయేది. అనలేదు. నడుం వంచింది గానీ నోరు వంచలేదు.

ఇప్పటికి ఏడేళ్లు. ఆమెను నిట్రాట అని పిలిచేవాళ్లు ఎవరూ లేరు. పాలకోసం బయటికి వస్తుంది, నేల చూస్తూ. ఎదురొచ్చే మనుషుల్ని చెప్పుల్ని బట్టి గుర్తుపడుతుంది. అన్నిటికంటే ముందు గుర్తుపట్టేది పిన్నీసు పెట్టిన తన ఆడపడుచు రబ్బరు చెప్పుల జతని. అవి కనిపించగానే గోడ పక్కకి ఒదిగి నిలబడుతుంది. ఆ చెప్పుల పైన ఉన్న ముఖం ఇప్పుడెలా ఉందో ఆమెకు తెలియదు.