నాలుగు కిలోల దరఖాస్తు

నేను ఒక దరఖాస్తుని. నవ్వకండి. కాయితాన్ని కాను, ఇనప పలకని. అడుగు పొడవు, పది మిల్లీమీటర్ల మందం, దగ్గర దగ్గర నాలుగు కిలోల బరువు. నాలాంటి దరఖాస్తుని మీరు చూసుండరు, పందెం.

ఏ కొలిమిలో పుట్టానో గుర్తులేదు. మొదట నేను ఒకటి కాదు, రెండు ముక్కలు. ఏదో నీళ్ల ట్యాంకుకి కోయగా మిగిలి, గాజువాకలో ఒక గ్రిల్స్ షాపు వెనక తుప్పు పడుతూ ఉన్నాం. అక్కణ్ణించి మమ్మల్ని ఏరుకొచ్చింది నూకరత్నం. ఆ షాపులో వెల్డరు. ఐటీఐ పాసై ఆరేళ్లుగా గేట్లూ కిటికీలూ అతుకుతోంది. నెలాఖరుకి షాపు మూసేస్తామని ఓనరు చెప్పేశాడు.

ట్యాంకులు కట్టే తొమ్మిది కంపెనీలకి కాయితాలు పెట్టింది పాపం. ఒక్క జవాబూ లేదు. ఒకచోటైతే గుమస్తా మొహం మీదే అన్నాడు, "ఆఫీసు ఊడ్చే పనుంటే చెప్తాన్లేమ్మా" అని. ఈ మనుషులున్నారే, మంట పట్టుకునే చేతికి చీపురు చూపిస్తారు! వాళ్లమ్మది రొయ్యల షెడ్డులో పొట్టు తీసే పని. "సోమవారం నుంచి నువ్వూ వచ్చీయే. మేస్త్రీతో చెప్పి ఉంచాను" అంది. ఆ ఐస్ నీళ్లలో నానిన తల్లి వేళ్లు నూకరత్నానికి తెలుసు. అక్కడికెళ్తే మళ్లీ వెల్డింగ్ రాడ్డు పట్టుకోనన్న సంగతీ తెలుసు. ఆ పూట అన్నం సయించలేదు పిల్లకి.

మర్నాడు మధ్యాహ్నం మా ఇద్దరి అంచులూ అరగదీసి, పక్కపక్కన పెట్టి అతికింది. సగంలో కరెంటు పోయింది. వచ్చేదాకా కూచుని, ఆపిన చోట శుభ్రంగా రుద్ది, మళ్లీ మొదలెట్టింది. తరవాత నా మీద రాడ్డుతోనే తన పేరు రాసింది, కింద 'వెల్డర్' అని, ఫోన్ నంబరు. మన గుండ్రటి అక్షరాలు కరిగిన ఇనుముతో తిప్పడం ఆషామాషీ కాదండోయ్. 'నూ' దగ్గర మూడుసార్లు చెరిపింది. అతుకు మీద పెచ్చులా పేరుకున్న చిట్టెం రాలగొట్టి, గుడ్డతో తుడిచి, సంచిలో వేసుకుని పదో కంపెనీకి పట్టుకెళ్లింది.

అక్కడి గుమస్తా నన్ను చూసి తెల్లబోయాడు. ఫైల్లో దూరను. చెత్తబుట్టలో వేస్తే బుట్టే విరుగుతుంది. చివరికి ఫ్యాను గాలికి ఎగురుతున్న మిగతా దరఖాస్తుల మీద బరువుగా పెట్టాడు. అలా నాలుగు రోజులు అరవై మంది ఆశల మీద కూచున్నాను. సిగ్గేసింది, నిజంగా.

అయిదోరోజు ఫోర్‌మన్ సన్యాసిరావు గారు ఏదో సంతకానికొచ్చి నన్ను ఎత్తాడు. తిప్పి చూశాడు. వేలితో అతుకంతా తడిమాడు. నా మీద నంబరుకి ఫోన్ చేశాడు.

నూకరత్నం పరుగున వచ్చింది. ఉద్యోగం ఇచ్చేశారనుకుంది. ఆయన తల కూడా ఎత్తలేదు.

"రాత బాగుంది. రాత చూసి ట్యాంకు కట్టనివ్వను. దీన్ని కోసి వంచి చూడాలి. ఎక్కడ కొయ్యమంటావు?"

ఎవర్నడిగినా తమకి నమ్మకమున్న చోటే చూపిస్తారట. నూకరత్నం సుద్దముక్క తీసుకుని, కరెంటు పోయి మళ్లీ మొదలెట్టిన చోట గీత పెట్టింది.

"ఇక్కడ బాబూ. ఇక్కడ ఆపి మళ్లీ మొదలెట్టాను."

"పిచ్చా ఏటి నీకు? పగిలితే ఇక్కడే పగుల్తది."

"ట్యాంకైనా అక్కడే పగుల్తది కదా బాబూ."

ఆయన మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు.

రంపం ఆమె పేరు మధ్య నుంచే వెళ్లింది. రెండు వేళ్ల వెడల్పు ముక్కగా నన్ను కోసి, ప్రెస్సు కింద పెట్టి నొక్కారు. నాకు భయమేసింది. నొప్పికి కాదు. నేను విరిగితే ఆ పిల్ల సోమవారం ఎక్కడికి పోతుందో తెలిసి. అతుకు మీద ఇనుము సాగింది, మూలిగింది, ఇటు చివరా అటు చివరా దగ్గరికొచ్చేదాకా వంగింది. వంపు మీద ఒకచోట ఆవగింజంత పగులు నోరు తెరుచుకుంది. నూకరత్నం కళ్లు మూసుకుంది.

సన్యాసిరావు గారు జేబులోంచి స్కేలు తీసి, కళ్లజోడు పైకి తోసి కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

"ఒక మిల్లీమీటరు. మూడు దాకా తప్పులేదు. రేపు ఎనిమిదింటికి వచ్చీ. బూట్లు వేసుకురా."

నూకరత్నం అక్కడే నేల మీద కూలబడి, ఇంకా వేడి తగ్గని నన్ను ఒళ్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తరవాత తల్లికి ఫోన్ చేసి, "అమ్మా, రొయ్యలకి నేను రాను" అంది. అంతే అనగలిగింది. లేచి నన్ను బల్ల మీద పెట్టి, అక్కడే మర్చిపోయి వెళ్లిపోయింది.

ఆర్నెల్లుగా తుక్కు డబ్బాలో ఉన్నాను. లారీ రేపొస్తుందట. కొలిమిలో పడ్డాక ఆ అతుకూ ఉండదు, సగం తెగిన ఆ పేరూ ఉండదు. బాధగానే ఉంది, దాచడమెందుకు. పది అడుగుల దూరంలో నూకరత్నం ముసుగు దించుకుని ట్యాంకు అడుగు అతుకు వేస్తోంది. ఇన్నాళ్లలో ఒక్కసారీ నా వైపు చూడలేదు. చూడకపోతే పోనీండి, చేతినిండా పనుంది తనకి.